మూడేళ్ళకి నీడ

హైదరాబాదు వెళ్ళొచ్చినవాళ్ళు చార్మినారు గురించి చెబుతారు, ట్యాంక్‌బండ్ గురించి చెబుతారు. నేను వారం రోజులుండి కూడా ఆ రెండూ చూడలేదు. ఒక వీధి చూసి వచ్చాను. ఆ వీధికి ఏ చెట్టు పెట్టాలో చెప్పమని నన్ను పిలిపించారు. వెళ్ళాను, చెప్పాను. ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో మా ఊళ్ళో ఎవరడిగినా సగం చెప్పి ఊరుకుంటున్నాను. మిగతా సగం దిగమింగుకోలేక ఇలా రాస్తున్నాను.

మాది కడియం. గోదావరి పక్కన, ఎటు చూసినా మొక్కల నర్సరీలే ఉండే ఊరు. మాకూ ఎకరంన్నర ఉంది. మా ఆయన లారీల వెంట తిరిగితే నర్సరీ నేను చూసుకుంటాను. పాతికేళ్ళ నుంచి మొక్కలు అమ్ముతున్నాను. కొనేవాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎన్నాళ్ళకి నీడొస్తుందండీ?" మేం చెప్పే జవాబూ ఒక్కటే: "మూడేళ్ళు." వేపకీ మూడేళ్ళే, రావికీ మూడేళ్ళే. మూడేళ్ళయ్యాక తిరిగొచ్చి మమ్మల్ని నిలదీసినవాడు ఇంతవరకూ లేడు. బాగున్నారా అంటే బాగున్నాం అనడం ఎలాగో, కడియంలో ఆ మాట అలాగ. దాన్ని ఎవరూ అబద్ధం కింద జమకట్టరు.

మా అక్క సరోజిని పంజాగుట్టలో ఉంటుంది. బావగారు బ్యాంకులో రిటైరై, ఆ వీధి సంఘానికి సెక్రటరీ అయ్యారు. ఒకరోజు అక్క ఫోను చేసింది.

"ఒసే చిన్నీ, మా వీధికి కార్పొరేషన్‌వాళ్ళు చెట్లు వేస్తారట. ఏ చెట్టు కావాలో మమ్మల్నే చెప్పమన్నారు. మీ బావగారికి కొత్తిమీరకీ కరివేపాకుకీ తేడా తెలీదు. నువ్వొచ్చి ఓ ముక్క చెప్పిపో."

నాకు ఒళ్ళు పొంగిపోయింది. ఇంతకాలం మొక్కలు లారీలెక్కించడమే తప్ప, అవి ఎక్కడ దిగుతాయో, ఎవరింటి ముందు నిలబడతాయో ఎప్పుడైనా చూశానా? కానుగ మొక్కలు నాలుగు తడి గోనెలో చుట్టుకుని రైలెక్కాను.

అమీర్‌పేట మీదుగా

సికింద్రాబాదులో దిగి ఆటో మాట్లాడుకున్నాను. గోనె విప్పి చూశాడు ఆటో అతను.

"గివేం చెట్లమ్మా?"

"కానుగ. పంజాగుట్టలో వేస్తాం."

"కానుగ మంచిదే, మస్తు నీడుంటది. గని పంజాగుట్టల జాగ ఏడున్నది?" అని నవ్వాడు. ఇతనికేం తెలుసులే అనుకున్నాను.

అమీర్‌పేట దగ్గర బండ్లు ఆగిపోయాయి. అక్కడ గోడ రంగేమిటో చెప్పడం ఎవరి తరమూ కాదు. కింది నుంచి పైదాకా బోర్డులే. జావా, ఒరాకిల్, టెస్టింగు, అమ్మాయిలకి హాస్టలు, ఆంధ్రా భోజనం. మా జిల్లా పిల్లలే గుంపులు గుంపులుగా సంచులు తగిలించుకుని, ప్లేటు ఎనిమిది రూపాయల ఇడ్లీ నిలబడి తింటున్నారు. మా ఊళ్ళో ఆ డబ్బుతో ఇద్దరు కడుపునిండా తింటారు. ఫుట్‌పాత్ మీద ఒక్క వేపచెట్టు ఉంది. దానికి తొమ్మిది రేకు బోర్డులు కొట్టారు. మేకు దిగిన ప్రతిచోటా బంక కారి నల్లగా ఎండిపోయింది. ఒక బోర్డు మీద 'నలభై రోజుల్లో ఉద్యోగం' అని ఉంది. దానికంటే మా మూడేళ్ళ మాటే నయం అనిపించింది.

ఉన్నది ఒక్క చెట్టు

అక్కవాళ్ళ వీధిలో పద్దెనిమిది గేట్లున్నాయి. ఒకప్పుడు అన్నీ పెంకుటిళ్ళూ చిన్న డాబాలేనట, ఇప్పుడు పదిహేడు అపార్ట్‌మెంట్లు. మిగిలిన ఒక్క డాబా ఎస్తేరు గారిది. నర్సుగా చేసి రిటైరైన పెద్దావిడ. ఆవిడ గేటుకి ఎదురుగా ముప్ఫై ఏళ్ళ కానుగ చెట్టు. వీధి మొత్తానికి అదొక్కటే చెట్టు.

ఆ చెట్టు కింద మల్లేశ్ ఇస్త్రీ బండి. యూసుఫ్‌గూడలో ఒక గది అద్దెకి తీసుకుని భార్యతో ఉంటాడు. పొద్దున్నే వచ్చి బొగ్గులు రాజేసి, చీకటిపడే దాకా అదే నీడలో నిలబడి పని చేస్తాడు. జత బట్టలకి మూడు రూపాయలు. మా వైపు ఇస్త్రీ బట్టలు ఇంటికొచ్చి పట్టుకెళ్ళి రెండు రోజులకి తెస్తారు. ఇక్కడ మేడ మీంచి తాడుకి సంచీ కట్టి దింపితే గంటలో మడతపెట్టిన బట్టలు పైకెళ్ళిపోతున్నాయి. ఆ సదుపాయానికి నేను తెగ మురిసిపోయాను.

"చెట్ల మేడమ్ మీరేనటగద?" అన్నాడు మల్లేశ్ నన్ను చూసి. "జర ఒక్క మాటమ్మా. కొత్త చెట్లొస్తే గిది తీసేస్తరా?"

"దీన్నెందుకు తీస్తారయ్యా?"

"పదకొండేండ్ల సంది గీడనే ఉన్న. పైన ఎండ, చేతిల బొగ్గులు. నడుమ గీ చెట్టు లేకుంటె నిలవడలేనమ్మా. ఏ బిల్డింగోళ్ళు సుత నన్ను లోపటికి రానియ్యరు."

"తియ్యనివ్వను. నాది పూచీ" అన్నాను.

ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అతను మాత్రం నమ్మాడు. నా రైలు చీర అడిగి తీసుకుని ఇస్త్రీ చేసి ఇచ్చాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

మేడమీద మీటింగు

ఆదివారం సాయంత్రం అక్కవాళ్ళ మేడమీద వీధి సంఘం కూర్చుంది. మిరపకాయ బజ్జీలూ టీ బావగారి ఖర్చు. నేను లేచి కానుగ గురించి చెప్పాను. వేసవిలో అన్ని చెట్లూ మోడువారితే కానుగ కొత్త చిగురేస్తుందనీ, దాని కింద గాలి చల్లగా ఉంటుందనీ, వేర్లు గోడల జోలికి రావనీ. అందరూ తలలూపారు. ఈ ఊరికి బుద్ధుందే అనుకున్నాను.

అప్పుడొకాయన బజ్జీ నములుతూ అన్నాడు: "కానుగ మంచిదేనండీ, తప్పకుండా వెయ్యాలి. మా గేటుకి ఎదురుగా మాత్రం వద్దు. ద్వారవేధ."

గుమ్మానికి సూటిగా చెట్టో స్తంభమో ఉంటే ఇంటికి కీడని వాస్తు చెబుతుందట. దాన్ని వేధ అంటారు. మా ఊళ్ళోనూ విన్నాను గానీ, ఉన్న చెట్టుని చూసి అక్కడ గుమ్మమే పక్కకి పెట్టుకుంటాం. ఇక్కడ గుమ్మాలు కట్టేసి ఉన్నాయి, కాబట్టి చెట్టే తప్పుకోవాలి. ఎవరూ చెట్టు వద్దనలేదు, అదీ విచిత్రం! పదిహేడు గేట్లవాళ్ళూ చెట్టు కావాలన్నారు, పక్కింటి గేటు ముందు. పక్కింటాయన పక్కనే కూర్చుని ఉన్నాడు, ఆయన వేలు ఇంకో పక్కకి చూపించాడు.

"మా ఇంటి ముందు ముప్ఫై ఏళ్ళుగా ఉంది కదండీ" అన్నారు ఎస్తేరు గారు. "ప్రభువు కృప, మాకే కీడూ రాలేదు. కావాలంటే ఇంకోటి కూడా మా ముందే వేసుకోండి సిస్టర్."

ఎవరూ వినిపించుకోలేదు. పిట్టలు కార్ల మీద రెట్టలేస్తాయన్నారొకరు. పువ్వు రాలితే తుడిచేదెవరన్నారు ఇంకొకరు. ఆఖరికి బావగారు పెన్ను తీశారు.

"ఏమ్మా మరదలా, నీడెప్పుడొస్తుందో అది చెప్పు."

"మూడేళ్ళండీ" అన్నాను, నోరు దానంతటదే తిరిగింది.

బావగారు శ్రద్ధగా రాసుకున్నారు. దాని కింద తీర్మానం రాశారు: ఆఫీసువారు ఏ మొక్క ఇచ్చినా సంఘానికి సమ్మతమే, అయితే ఏ గేటుకీ ఎదురుగా రాకూడదు. నన్ను ఇన్ని మైళ్ళ నుంచి పిలిపించిన పని అక్కడితో అయిపోయింది. మిగిలిన బజ్జీలు కిందకి పట్టుకెళ్ళి మల్లేశ్‌కిచ్చాను.

మాసబ్ ట్యాంక్

నేను అంత తేలిగ్గా వదిలే మనిషిని కాను. మర్నాడు బావగారి దగ్గర వివరం కనుక్కుని మాసబ్ ట్యాంక్ వైపు ఆ చెట్లు వేయించే ఆఫీసుకి వెళ్ళాను. పక్కనే ఇరానీ హోటల్లో టీ తాగాను. నాలుగు రూపాయల టీ, చిక్కగా బాగుంది. లోపల ఫైళ్ళ మధ్య ఒక గుమాస్తా దొరికాడు. మర్యాదస్తుడే. కూర్చోమని కుర్చీ చూపించాడు.

"ఏ వీధికి ఏ చెట్టో ఎవరు నిర్ణయిస్తారండీ?" అని అడిగాను.

అతను ఒక కాగితం తీశాడు. అందులో మొదటి పేరు ఏడాకులపాల.

"మేక తినదమ్మా, ఆవు సుత తినది. ఆకు తెంపితె పాలు కారుతయ్ గద, నోట్ల పెట్టవు. నిటారుగ పోతది, కరెంటు తీగలకు తాకది. కంచె ఖర్చు లేదు."

నిటారుగా పోయే చెట్టుకి తీగలు తగలవట! తీగలు పైనే కదా ఉండేది? ఆ మాట అడగబోయి మింగేశాను.

"నీడ సంగతో?"

"నీడనా?" అని కాగితం అటూ ఇటూ తిప్పాడు. "గా కాలమ్ లేదమ్మా దీంట్ల."

"మరి వీధివాళ్ళని అడుగుతామన్నారు?"

"అడిగినం గద. ఏదిచ్చినా మంచిదేనని రాసిన్రు. అందరు అట్లనే రాస్తరు."

"పోనీ ఈ పేర్లు ఎవరు రాశారు?"

"ఎవరు రాస్తరమ్మా? పోయినేడు ఒక సారు ఇంకో చెట్టు అన్నడు, ఆయన బదిలీ అయిండు. అసలు సంగతి చెప్త ఇనుండ్రి. కడియం అని ఒక ఊరున్నది మీ ఆంధ్రల. గాళ్ళు ఏది మస్తుగ పెంచితె అదే దొరుకుతది, అదే ఏస్తం. చెట్ల సంగతి గాళ్ళకు తెల్వదా?"

మా నర్సరీలో వెనక మడి నిండా ఏడాకులపాలే. ఎందుకు పెంచామంటే, ఏజెంటు వచ్చి హైదరాబాదువాళ్ళు ఇదే అడుగుతున్నారన్నాడు కాబట్టి. అడుగుతున్న ఆ హైదరాబాదువాళ్ళెవరో మేమెప్పుడూ కనుక్కోలేదు. ఇక్కడికొచ్చి చూస్తే హైదరాబాదు మా మొహం చూస్తోంది, మేం హైదరాబాదు మొహం చూస్తున్నాం. మధ్యలో చెట్టుని ఎంచుకున్నది ఒక్కళ్ళూ లేరు. ఎంచుకున్నది మేక.

నాది కడియమేనని అతనికి చెప్పలేదు. సిగ్గేసింది. లేస్తూ ఆ పాత కానుగ సంగతి మాత్రం అడిగాను.

"ఉన్నదాన్ని ఎందుకు తీస్తం? ఎండినయి, తొవ్వకు అడ్డమొచ్చినయి కొడ్తరంతే. గుర్తుంటది కాబట్టి మావోళ్ళు చూస్కుంటరు. ఫికర్ చెయ్యకుండ్రి."

గుర్తుంటే చూసుకుంటారు అన్నది నా చెవిన పడింది. ఏం గుర్తు, దేనికి గుర్తు అని అడగలేదు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఈ రాతే ఉండేది కాదు.

సున్నం, జేగురు

మా వైపు రోడ్డు పక్క చెట్లకి ఛాతీ ఎత్తు దాకా సున్నం వేసి, మధ్యలో ఎర్రటి పట్టీ వేస్తారు. ఆ పట్టీ ఉన్న చెట్టు సర్కారుది, దాని మీద గొడ్డలి పడకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. గుర్తంటే నాకు తెలిసిన గుర్తు అదొక్కటే.

"మల్లేశూ, సున్నమూ జేగురూ ఎక్కడ దొరుకుతాయి?"

"జేగురంటే ఏందమ్మా?"

"ఎర్రమన్నయ్యా, అరుగులకి పూస్తారే!"

"ఓ, జాజా!" అని పరిగెత్తుకెళ్ళి రెండూ తెచ్చాడు. సున్నం నేను కొట్టాను. పట్టీ అతను వేశాడు. బట్ట మడత ఎంత తీరుగా వేస్తాడో ఆ పట్టీ అంత తీరుగా వేశాడు, ఎక్కడా వంకర లేదు. ఎస్తేరు గారు నిమ్మకాయ నీళ్ళు తెచ్చి చెట్టు చుట్టూ తిరిగి చూసి, పెళ్ళికూతురిలా ఉందన్నారు. మల్లేశ్ నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు.

"గిప్పుడు ఇది సర్కారు చెట్టయింది. ఇగ ఎవ్వడు ముట్టడు" అన్నాడు.

ఆ సాయంత్రం అతని మొహంలో కనబడిన ధీమా నాకింకా కళ్ళ ముందే ఉంది. ఆ ధీమా ఇచ్చింది నేనే.

బంజారా హిల్స్ నుంచి తిరిగొచ్చేసరికి

మర్నాడు అక్క నన్ను బంజారా హిల్స్ చూపించడానికి తీసుకెళ్ళింది. అక్కడ చెట్లకేం కొదవ లేదు, అన్నీ గోడల లోపలే. గోడ బయట నడిచేవాళ్ళకి ఎండ. ఓ బట్టల కొట్లో అక్క చీర ధర అడిగి, నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేసింది. నవ్వుకుంటూ ఆటో ఎక్కాం. ఆ రోజు నేను నవ్విన ఆఖరి నవ్వు అదే.

వీధి మలుపు తిరగ్గానే కళ్ళు చికిలించాల్సి వచ్చింది. ఎండ సూటిగా మొహాన కొట్టింది. ఎస్తేరు గారి డాబా గోడ పైనుంచి కిందిదాకా కనబడుతోంది. చెట్టు లేదు. లారీలో కొమ్మలున్నాయి. మోకాలెత్తు మొద్దు మిగిలింది, దాని మీద సున్నం ఇంకా తెల్లగానే ఉంది.

నేను ఆటోలోంచి దూకి లారీ పక్కనున్న మేస్త్రీ మీద విరుచుకుపడ్డాను. అతనికి కోపం కూడా రాలేదు.

"ఎర్ర గుర్తు ఉన్నయే కొట్టమన్నరమ్మా. ఎండినయి, అడ్డమున్నయి, వాటికి ఎర్ర గుర్తు పెడ్తరు. వేరే గల్లీలల్ల గుర్తు ఎతకలేక సస్తున్నం. గిది మస్తు సాఫ్‌గ కనవడ్డది, గందుకే ముందుగాల గిదే కొట్టినం."

మల్లేశ్ బండి పక్కన నిలబడి ఉన్నాడు. ఒంటి మీదంతా రంపపు పొట్టు. పెట్టెలో బొగ్గులు ఆరిపోయాయి.

"చెప్పలేదా మల్లేశూ వాళ్ళకి?"

"చెప్పినమ్మా. చేతులు సుత పట్టుకున్న. గా గుర్తు ఎవరేసిన్రు అనడిగిన్రు." అతను నేల చూశాడు. "ఏమని చెప్పాలె? మనమే ఏసినం గద."

మీరే ఏసిన్రు అని ఉంటే నేను బతికిపోయేదాన్ని. తిట్టినా పడేదాన్ని. అతను 'మనం' అన్నాడు. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోలేను.

ఎస్తేరు గారు గేటు పట్టుకుని ఏడుస్తున్నారు. బావగారు కిందకొచ్చి మొద్దు చుట్టూ ఒకసారి తిరిగారు.

"పోన్లే మరదలా, బాధపడకు. రెండు కార్లకి చోటొచ్చింది."

ఇంకా పొట్టు ఊడ్వనే లేదు, ఎవరో కారు తెచ్చి అక్కడ పెట్టేశారు.

మిగిలిన రెండు రోజులు

మల్లేశ్ మర్నాడు ఒక గొడుగు కట్టుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి ఎస్తేరు గారి మెట్ల మీద కూలబడ్డాడు. ఆవిడ లోపల పెట్టుకోమన్నారు గానీ ఆ డాబాలో బండి పట్టే చోటు లేదు. నేను బావగారిని బతిమాలాను, సెల్లార్లో ఒక మూల ఇమ్మని.

"సెల్లార్లో బొగ్గుల పెట్టా? అసోసియేషన్ ఒప్పుకోదమ్మా."

"అసోసియేషన్ అంటే మీరే కదండీ?"

"నేనొక్కణ్ణేనా? అందరూ కదా" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు.

వచ్చేసే రోజు పొద్దున్న ఎస్తేరు గారూ నేనూ మొద్దు పక్కన గొయ్యి తీసి నేను తెచ్చిన కానుగల్లో ఒకటి నాటాం. మల్లేశ్ నీళ్ళు పోశాడు. ఎన్నాళ్ళకి పెరుగుతుందని అతను అడగలేదు, నేను చెప్పలేదు. రైల్లో ఎదురు సీటావిడ పులిహోర పెట్టింది. రెండు ముద్దలు తిని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

కడియం

వానలు పడ్డాయి. ఏజెంటు వచ్చాడు. హైదరాబాదుకి ఏడాకులపాల కావాలి, పంజాగుట్ట వైపు వీధులకి. నేను ఇవ్వనన్నాను.

"ఇవ్వకపోతే ఏం చేస్తావ్? వెనక మడంతా పీకి పారేస్తావా?" అన్నాడు మా ఆయన. "మనం కాకపోతే పక్కవాళ్ళిస్తారు."

మొక్కలు నేనే లారీ ఎక్కించాను. అంతకంటే చెప్పుకోడానికేమీ లేదు.

పదిహేను రోజుల తర్వాత ఎస్తేరు గారు ఫోను చేశారు. మేమిద్దరం నాటిన కానుగ లిస్టులో లేదని పీకేశారట. ఆ గోతిలోనే ఏడాకులపాల పెట్టారట. తక్కిన గేట్లవాళ్ళు వేధ అని జరిపించుకున్నారు గానీ ఆవిడ జరపమనలేదు.

"మల్లేశ్ వచ్చాడు సిస్టర్. యూసుఫ్‌గూడలో ఇల్లిల్లూ తిరిగి బట్టలు అడుగుతున్నాడు, సగం రోజులు పని దొరకట్లేదు. మీతో మాట్లాడతాడట, ఇస్తున్నా."

"అమ్మా, మంచిగున్నరా?" అన్నాడు. వెనక వీధి చప్పుడు వినబడుతోంది. "గీ కొత్త మొక్క మీ దగ్గర్నుంచే వచ్చిందటగద?"

"అవునయ్యా."

"మీ చెయ్యి మంచిదమ్మా, నాకెరుకే. బండి అమ్ముకోలే. గీడనే చైనేసి పెట్టిన. ఎన్నేండ్లకు నీడిస్తది?"

ఆ మొక్క సంగతి నాకంటే ఎవరికి తెలుసు? తీగల ఎత్తుకి రాగానే దాని తల నరుకుతారు. ఆ ఇరుకు గోతిలో, ఆ తీగల కింద, ఒక మనిషి నిలబడి పని చేసుకునే నీడ దానికి ఎప్పటికీ రాదు.

"మూడేళ్ళు" అన్నాను.

"మూడేండ్లే గద అమ్మా," అన్నాడు మల్లేశ్, "ఎట్లనన్న ఆగుత."